ఇంటికొక పట్టా

మా గిరిధర్‌కి తాగుడు లేదు, పేకాట లేదు, షేర్ మార్కెట్టు కూడా లేదు. పాత రైలు పట్టాల పిచ్చి ఉంది. ఈ సంగతి పెళ్లిచూపుల్లో చెప్పలేదు. చెప్పి ఉంటే పేకాటవాణ్ణే చేసుకుని ఉండేదాన్ని, కనీసం ఆదివారాలు నీడపట్టున కూర్చునేవాడు. ఈయన ఆదివారం పొద్దున్నే తలకి టోపీ, కాళ్లకి కొండలెక్కే బూట్లు, భుజాన కొలత టేపు, వెనకాల నన్నూ తగిలించుకుని బయల్దేరతాడు. రాజమండ్రిలో పుట్టి, గోదావరి వంతెన మీద పోయే రైళ్లు లెక్కపెడుతూ పెరిగిన మనిషి. వారమంతా వైట్‌ఫీల్డులో ఏదో బ్యాంకుకి సాఫ్ట్‌వేర్ రాస్తాడు కానీ మనసు మాత్రం ఇనుము మీదే.

మేముండేది వర్తూరులో, పదకొండో అంతస్తు. బాల్కనీలోంచి చూస్తే పొదల మధ్య ఒక మొండి పొగగొట్టం కనిపిస్తుంది. అది ఇటుకల కార్ఖానా అని, మూతబడి ముప్పై అయిదేళ్లయిందని సెక్యూరిటీవాళ్లు చెప్పారు. ఈ జనవరిలో గిరిధర్ ఎక్కణ్ణించో ఒక పాత మ్యాపు సంపాదించాడు. అందులో చెరువు గట్టు నుంచి బట్టీ దాకా వెంట్రుకంత గీత, దాని మీద అడ్డగీతలు.

"వరూ, నేరో గేజ్! రెండడుగులు! చెరువు మట్టిని ట్రాలీల్లో తెచ్చేవాళ్లన్నమాట!"

నిజం చెప్పొద్దూ, మా నిశ్చితార్థం రోజున కూడా ఆయన మొహం అంతలా వెలగలేదు.

ఇలాంటి పిచ్చివాళ్లు ఊళ్లో ఇంకా ఉన్నారు. వాళ్లందరికీ ఒక వాట్సాప్ గ్రూపు, నలభై ఆరుమంది, అందరూ తెలుగువాళ్లే. అందులో నలుగురు పట్టాల గురించి మాట్లాడతారు, మిగతావాళ్లు పొద్దున్నే పువ్వులు పంపుతారు. "వర్తూరులో పట్టాల వేట మొదలు" అని గిరిధర్ అక్కడ ప్రకటించాడు. నలభై నమస్కారాలు వచ్చాయి. మనిషి ఒక్కడూ రాలేదు. నేను వెళ్లాను.

పొగగొట్టం దగ్గర ఆముదం మొక్కలు, బీరు సీసాలు, సగం కూలిన బట్టీ. దాని వెనకాల వరసగా ఎనిమిది ఇళ్లు. వాటిని లైనిళ్లు అంటారు. ఒకప్పుడు కార్ఖానా పనివాళ్ల కోసం కట్టినవి. కార్ఖానా పోయినా వాళ్లు అక్కడే ఉండిపోయారు. ప్రతి తలుపు మీదా ఒక నోటీసు అంటించి ఉంది. నాకు కన్నడం కూడబలుక్కుని చదవడమే వచ్చు, విషయం మాత్రం అర్థమైంది. స్థలం ఒక రియల్ ఎస్టేట్ కంపెనీ చేతికి వెళ్లింది, మార్చి నెలాఖరుకి అందరూ ఖాళీ చేయాలి.

కొళాయి దగ్గర ఒక పెద్దావిడ బిందె పట్టుకుని ఉంది. పేరు పాపక్క. అరవై అయిదేళ్లుంటాయి. పన్నెండో ఏట ఇటుకలు మోయడం మొదలుపెట్టి కార్ఖానా మూసేదాకా మోసిందట. మేం ఇంగ్లీషులో మాట్లాడుకుంటుంటే అనుమానంగా చూసింది, తెలుగులోకి దిగగానే చనువుగా నవ్వింది. గిరిధర్ సూటిగా విషయంలోకి వచ్చాడు.

"అమ్మా, ఇక్కడ పట్టాలు ఉండాలి కదా? మేం వాటి కోసమే వచ్చాం."

బిందె నిండి పొర్లుతున్నా ఆవిడ చూసుకోలేదు. "ఏమంటిరి సార్?"

"పట్టాలండీ. అవి గనక తేలితే ఈ స్థలాన్ని ఎవరూ కదిలించలేరు. గవర్నమెంటే కాపాడాల్సి వస్తుంది."

"కదిరప్పా! ఓ కదిరప్పా! బిరీన రా!" అని ఆవిడ పెట్టిన కేకకి ఎనిమిది తలుపులూ తెరుచుకున్నాయి.

కదిరప్ప ఆవిడ మరిది. పక్కిల్లే. కార్ఖానాలో ట్రాలీ తోసేవాడట. పంచె సర్దుకుంటూ వచ్చి, గిరిధర్ టోపీకి ఒక దణ్ణం, టేపుకి ఒక దణ్ణం పెట్టాడు.

"పట్టాల కోసరం మేము తిరగని ఆఫీసు లేదు సార్. చెప్పులరిగిపోయినాయి. మా మొగాన ఎవరూ చూడలేదు. మీరే ఇల్లు ఎతుక్కోని వచ్చినారు" అన్నాడు.

గిరిధర్ కళ్లు చెమర్చాయి. పట్టాల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన మనిషి భూమ్మీద తనొక్కడే అనుకుంటున్నాడు పాపం. "చూశావా వరూ, అసలైన హెరిటేజ్ స్పృహ వీళ్లకుంది" అన్నాడు నాతో, కారెక్కుతూ.

తర్వాతి ఆదివారం పని మొదలైంది. గిరిధర్ పొగగొట్టం మొదట్లో టేపు కొస ఆనించాడు. రెండో కొస కదిరప్ప పట్టుకున్నాడు. ఆ గీత సరిగ్గా లైనిళ్ల గుండా పోతోందని తేలింది. అంచేత ఇళ్లు కూడా కొలవాల్సి వచ్చింది. పొడవు, వెడల్పు, గుమ్మానికీ పొగగొట్టానికీ మధ్య దూరం, అన్నీ ఫోన్లో ఎక్కించుకున్నాడు. గుర్తుకోసం ప్రతి గోడ మీదా సుద్దముక్కతో ఒక నంబరు వేశాడు. ఏ ఇల్లూ వదిలిపెట్టొద్దని ఆడవాళ్లు వెంటబడి మరీ కొలిపించుకున్నారు. మూడో నంబరు సొన్నమ్మ అయితే, "మా వాకిలి ముందర ఈ గుంట కూడా మాదే సార్, దాన్నీ రాసుకోండి" అంది. గిరిధర్ రాసుకున్నాడు. అంత ఉత్సాహవంతులైన వాలంటీర్లు ఆయనకి జన్మలో దొరకలేదు.

మూడో ఆదివారం వెళ్లేసరికి సుద్ద నంబర్లకి చుట్టూ పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. ఒకటో నంబరు మీద మల్లెపూలు కూడా. గిరిధర్ వాటి ఫోటో తీసుకున్నాడు. నాకు మాత్రం ఏదో తేడా కొట్టింది. రైలు పట్టాలకి పూజ చేసేవాళ్లు మా ఇంట్లో ఒకరున్నారు కాబట్టి ఇంకొకరు ఉండకూడదని లేదు, కానీ ఎనిమిదిళ్లూనా?

ఆరోజు పాపక్క నన్ను లోపలికి పిలిచి, ప్లాస్టిక్ కవర్లో ఒక కట్ట చేతికిచ్చింది. ఎనిమిది కుటుంబాల ఆధార్ కార్డుల జిరాక్సులు, రేషన్ కార్డులు, పాస్‌పోర్ట్ ఫోటోలు.

"పట్టాకి ఇవి కావల్ల గదమ్మా? సార్ అడగలేదు. మొగోళ్లకి ఇట్లాటివి యాది ఉండవు. పట్టాలో మాత్రం నా పేరే రాయమను. మా ఆయన పోయి పదేండ్లాయె."

వాళ్లు ముందునుంచీ ఒకే మాట అంటున్నారు, మేం ముందునుంచీ ఇంకోటి వింటున్నాం. మా గోదావరి జిల్లాల్లో పట్టాలంటే ముందు రైలే గుర్తొస్తుంది. ఈ ఊళ్లో తరతరాలుగా ఉన్న తెలుగువాళ్లకి రైలు నడిచేది కంబి మీద. కన్నడంలో ఆ మాట వాడతారు, వీళ్లూ అదే వాడతారు. పట్టా అంటే వాళ్లకి ఒక్కటే అర్థం, ఈ ఇల్లు నీదే అని తాలూకా ఆఫీసు ముద్ర వేసి ఇచ్చే కాగితం. మా ఆయన టేపు పట్టుకుని వచ్చిన సర్వేయరు. నేను సర్వేయరు గారి భార్యని.

అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఆవిడ అప్పటికే ఒక సంచి నిండా అనపచిక్కుడు కాయలు పోసి నా పక్కన పెట్టింది. ఆ కట్ట ఒక చేత్తో, ఆ సంచి ఇంకో చేత్తో పట్టుకుని కారెక్కాను. ఎక్కాక గిరిధర్‌తో చెప్పాను.

ఆయన బ్రేకు వేశాడు. "అయ్యో" అన్నాడు. రెండు నిమిషాలు నిజంగానే బాధపడ్డాడు. తర్వాత, "చెప్పేద్దాం. తప్పకుండా చెప్పేద్దాం. అలైన్‌మెంట్ ఒక్కటి తేలనీ. ఇప్పుడు చెబితే తవ్వనివ్వరు కదా" అన్నాడు. ఆ వాదనలో న్యాయం లేదని నాకు తెలుసు. కాసేపు తిట్టాను. ఇంటికెళ్లి అనపకాయలు వలిచాను.

ఇంకో నిజం కూడా చెప్పేస్తాను. నాకు అక్కడికి వెళ్లడం బాగుండేది. మా ఆఫీసులో నేను పదిహేనేళ్లుగా ఉన్నా నా పేరు సరిగ్గా పలికేవాడు లేడు. లైనిళ్ల దగ్గర కారు ఆగితే చాలు, "మేడమమ్మ వచ్చింది" అని కుర్చీ తుడిచి వేసేవాళ్లు. వాళ్లకి ఏదో ఇచ్చేదాన్నన్న పేరు నాకు వచ్చింది, ఇవ్వకుండానే. ఆ కుర్చీ వదులుకోబుద్ధి కాలేదు. మా ఫ్లాటుకే ఇంతవరకు కార్పొరేషన్‌వాళ్లు ఇవ్వాల్సిన ఖాతా కాగితం రాలేదు, నేను వాళ్లకి పట్టా ఏం ఇప్పిస్తాను?

ఆదివారాలు గడిచాయి. గిరిధర్ చెప్పిన చోటల్లా వాళ్లు తవ్వారు. భూమి లోపల పట్టాలేమిటని ఎవరూ అడగలేదు. సర్వేవాళ్లు పాతిన హద్దురాళ్ల కోసమని వాళ్లే ఒక అర్థం చెప్పుకున్నారు. ఇటుక ముక్కలు, ఒక ట్రాలీ చక్రం, పాము కుబుసం దొరికాయి. పట్టా ముక్క కూడా దొరకలేదు. గిరిధర్ చిక్కిపోయాడు.

ఇంకో వింత ఏమిటంటే, ఇళ్లు బయటినుంచి కొలవనిచ్చేవాళ్లే కానీ గిరిధర్‌ని లోపలికి రానిచ్చేవాళ్లు కాదు. ఆయన గుమ్మం దాకా వెళ్తే చాలు, "సార్, లోపల ఉబ్బరం, ఈడ్నే కూర్చోండి" అని కుర్చీ అడ్డం వేసేవాళ్లు. నేను లోపలికి వెళ్లేదాన్ని. ప్రతి ఇంట్లోనూ కప్పు కింద పాత చీరలో, ఎన్నికల ఫ్లెక్సీలో కట్టి ఉండేవి. దుమ్ము రాలకుండా కట్టుకున్నారనుకున్నాను.

ఏడో ఆదివారం మునీంద్ర వచ్చాడు. బొమ్మనహళ్ళిలో ఒక కార్మిక సంఘం నడిపే మనిషి. చేతిలో ఫైలు ఉంది.

"పాపక్కా, ఎనిమిది సంతకాలు పెట్టించుకొనిపోతా. కోర్టులో స్టే అడుగుదాం. కాగితాలు సేర్చేదానికి నాకు ఒక నెల కావల్ల, ఇప్పుడే మొదలుపెడితేనే అయ్యేది" అన్నాడు.

పాపక్క గర్వంగా గిరిధర్‌ని చూపించింది. "కోర్టు దేనికప్పా మాకు? సార్ ఉండాడు. మేడమమ్మ ఉండాది. కొలతలన్నీ అయిపోయినాయి. నువ్వు పో, కాఫీ తాగి పో."

మునీంద్ర నావైపు చూశాడు. ఏ డిపార్ట్‌మెంటు అని అడగబోయి, నా చీరా, మా కారూ చూసి ఆగిపోయినట్టున్నాడు. కాఫీ తాగి వెళ్లిపోయాడు. నేను మాట్లాడలేదు. సిగ్గేసింది. మర్నాడు ఫోన్ చేసి చెప్పేద్దామనుకున్నాను, మర్నాడు ఆఫీసులో మీటింగులున్నాయి.

తొమ్మిదో ఆదివారానికి మార్చి సగమైంది. గిరిధర్ టేపు చుట్టేసి, "ఇక లాభం లేదు కదిరప్పగారూ. ఇక్కడ పట్టాలు లేవు. ఇంక మేం రాం" అన్నాడు. వేళాకోళంగా కాదు, ఏడుపు గొంతుతో అన్నాడు.

పాపక్క కదిరప్ప మొహం చూసింది, కదిరప్ప నేల చూశాడు. ఆవిడ గిరిధర్ చెయ్యి పట్టుకుని గబగబా తన ఇంట్లోకి లాక్కెళ్లింది. నేనూ వెనకాలే వెళ్లాను.

"సార్కి తెలిసిపోయినాది. అందుకే కోపం. తప్పే సార్, ఒప్పుకుంటా ఉండాము" అంటూ కప్పు కింది చీరని ఒక్క గుంజు గుంజింది. దుమ్మూ, ఎలుక పెంటికలూ మా నెత్తిన రాలాయి. "కార్ఖానె మూసిననాడు ఓనర్లు మాకు చెప్పకుండా లేసిపోయిరి. ఇండ్ల మీద పెంకులు కూలతా ఉండె. ఆ కంబి అట్లే పడుండె, ఇంటికొకటి తీసుకొని దూలానికి ఏసుకొంటిమి. దొంగతనమే. దానికి మమ్మల్ని ఏమన్నా అనండి. పట్టా మాత్రం ఆపొద్దు."

గిరిధర్ పైకి చూశాడు. గోడనుంచి గోడకి, కప్పు బరువు మోస్తూ, నల్లగా, తిన్నగా ఒక పట్టా. మంచం ఎక్కాడు. చేత్తో తడిమాడు. ఇనుము మీద ఉబ్బెత్తు అక్షరాలు ఉన్నాయి, పైన దుమ్ము తుడిచి సంవత్సరం చదివాడు. పంతొమ్మిది వందల ముప్పై ఒకటి.

"పట్టాలు! వరూ, పట్టాలు!"

"యాడ సార్?" అంది పాపక్క ఆశగా.

"ఇవేనమ్మా! మీ నెత్తిమీదే ఉన్నాయి! వీటి కోసమే కదా నేను ఇన్నాళ్లూ..."

అక్కడ ఆగిపోయాడు. మంచం మీదే నిలబడి నావైపు చూశాడు. చెప్పాల్సింది ఇంక నేనే. చెప్పాను. ఈయన సర్వేయరు కాడనీ, ఈయన వెతికింది కంబి అనీ, ఈయన భాషలో దాన్నే పట్టా అంటారనీ.

గుమ్మంలో నిలబడ్డ కదిరప్ప ముందు నవ్వాడు. "కంబి కోసరమంట వదినే! గోడకి బొట్లు పెడితిమే, కంబికంట!" అని దగ్గు వచ్చేదాకా నవ్వాడు. ఆ తర్వాత గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు.

పాపక్క నవ్వలేదు. చీర మడత పెడుతూ అడిగింది. "నీకు ఎప్పుడు తెలిసెనమ్మా?"

అబద్ధం చెప్పొచ్చు. ఇప్పుడే తెలిసిందని అంటే నమ్మేది. "మూడో ఆదివారం" అన్నాను.

ఆవిడ వేళ్ల మీద లెక్కపెట్టింది. "ఆరు ఆదివారాలు. మునీంద్ర వచ్చిననాడు నువ్వు ఈ కుర్చీలోనే కూర్చోనుంటివి."

"తప్పయిపోయింది పాపక్కా."

"మీకు తప్పు, మాకు ఇల్లు" అంది. మమ్మల్ని పొమ్మనలేదు, కాఫీ ఇవ్వలేదు. మేం లేచాం. గుమ్మం దాటుతుంటే గిరిధర్‌తో ఒక్క మాట అంది. "ఫోటోలు తియ్యొద్దు సార్. కంబి దొంగలని ఇంకో కేసు ఏస్తారు." గిరిధర్ అప్పటికే తీసిన రెండు ఫోటోలూ ఆవిడ ముందే చెరిపేశాడు. తొమ్మిది ఆదివారాల కష్టం, జీవితంలో మొట్టమొదటిసారి సొంతంగా కనిపెట్టిన పట్టా. ఆ క్షణంలో ఆయన మీద ప్రేమ కలిగింది.

సాయంత్రం మునీంద్ర నంబరు కనుక్కుని నేనే ఫోన్ చేశాను. అతను నన్ను నాలుగు మాటలన్నాడు, పడ్డాను. "కాగితాలు ఇప్పుడు మొదలుపెడితే ఏప్రిల్ మధ్యకి గానీ కోర్టుకెక్కవు మేడం. వాళ్లు ముప్పై ఒకటిన జేసీబీ తెస్తారు. ఒక్క నెల వాళ్లు ఆగితే గెలుస్తాం. ఎందుకాగుతారు?" అన్నాడు.

గిరిధర్ మాత్రం మనసు పట్టలేక గ్రూపులో నాలుగు ముక్కలు రాశాడు. "వర్తూరు లైనిళ్లలో పట్టాలు దొరికాయి. ఇంటికొకటి, మొత్తం ఎనిమిది. 1931 నాటివి. ఒరిజినల్. ఫోటోలు పెట్టకపోవడానికి కారణాలున్నాయి." పువ్వులు పంపేవాళ్లలో ఎవరో దాన్ని ముందూ వెనకా లేకుండా ఎవరికో పంపారు. వాళ్లు ఇంకెవరికో పంపారు.

శనివారం పొద్దున్న పాపక్క నుంచి ఫోన్. ఆ ఆదివారం తర్వాత ఆవిడ గొంతు వినడం అదే.

"కంపెనీ ఆయన వచ్చి ఉండాడు. మీ తట్టు తెలుగు. పట్టాలు దొరికినాయంట గదా, చూపించండి అంటా ఉండాడు. మీరు రండి. ఇద్దరూ రండి."

వెళ్లాం. తెల్ల కారు, ఇస్త్రీ చొక్కా, చెమట. పేరు అచ్యుత్, నెల్లూరు మనిషి, స్థలం కొన్న కంపెనీలో మేనేజరు. చేతిలో ఫోన్, ఫోన్లో మా ఆయన రాసిన నాలుగు ముక్కలు. మునీంద్ర కూడా వచ్చి గోడవారన నిలబడ్డాడు, చంకలో ఫైలుతో.

"పట్టాలు ఎక్కడున్నాయమ్మా?" అన్నాడు అచ్యుత్.

పాపక్క మా ఇద్దరి మొహాలూ చూసింది. ఫోన్ వంక చూసింది. ఆవిడకి అర్థమవడానికి పట్టిన సమయం నాకు మూడో ఆదివారం పట్టిన సమయం కంటే చాలా తక్కువ.

"ఇంట్లోనే ఉండాయి. ఇంటికొకటి" అంది.

"చూడొచ్చా?"

"కోర్టులో చూద్దువులే అప్పా."

అచ్యుత్ గిరిధర్ వైపు తిరిగాడు. "సార్, ఇది రాసింది మీరేగా. మీరు కళ్లారా చూశారా?"

"చూశాను. చేత్తో తాకాను."

"ఒరిజినల్సేనా? ఈ మధ్య పుట్టించినవి కాదు కదా?"

"పుట్టించడం కుదరదండీ. ముద్ర ఉంది, సంవత్సరం ఉంది. అంత బలమైనవి ఈ రోజుల్లో చేయరు" అన్నాడు గిరిధర్. మా ఆయనకి అబద్ధమాడటం రాదు. ఆరోజూ ఆడలేదు.

అచ్యుత్ కర్చీఫ్ తీశాడు. "మా లీగల్‌వాళ్లు వెనక్కి 1960 దాకానే వెతికారు సార్. ముప్పై ఒకటి అంటే మొత్తం మళ్లీ తీయాలి. నెలన్నర పడుతుంది." మునీంద్ర చంకలో ఫైలు జారబోయి ఆగింది.

అప్పుడు అచ్యుత్‌కి ఏదో అనుమానం వచ్చినట్టుంది. గిరిధర్ బూట్లు చూశాడు, టోపీ చూశాడు. నా దగ్గరికి వచ్చాడు.

"మేడం, మీరు చెప్పండి. ఇవి నిజంగా మనం అనుకునే పట్టాలేనా?"

పాపక్క చెంబుతో నీళ్లు తెచ్చి నా చేతిలో పెట్టింది. పెడుతూ వంగి, నాకొక్కదానికే వినపడేలా అంది.

"తెలిసీ ఆరు ఆదివారాలు నోరు మూసుకొని ఉంటివి గదమ్మా. ఈ ఒక్క శనివారం మూసుకో."

నేను చెంబు ఎత్తాను. అచ్యుత్ ఎదురుగా నిలబడి జవాబు కోసం చూస్తున్నాడు. నీళ్లు అయిపోయేదాకా దించలేదు.